దమనకుడికి శిక్ష ఎందుకు పడలేదు?

ఈసారి ఉత్తరాల నిండా నక్కలే. గత సంచికలో నీతికథల గురించి రెండు ముక్కలు రాసిన పాపానికి ఇంతమంది కదిలి వస్తారని అనుకోలేదు. అన్నిటికీ జవాబు రాయడం నావల్ల కాదు. ఒకదానితో ఒకటి ముడిపడ్డ వాటిని ఏరి ఇక్కడ పెడుతున్నాను.

ప్ర: మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. పడుకునే ముందు పంచతంత్రం చదివి వినిపిస్తున్నాను. మిత్రభేదం పూర్తయిన రోజు "మరి దమనకుడికి శిక్ష పడలేదా అమ్మా?" అని అడిగాడు. నిజమే కదా! ఎద్దు చచ్చిపోయింది, సింహం ఏడ్చింది, ఇద్దరి మధ్యా చిచ్చు పెట్టిన నక్క హాయిగా మంత్రి అయింది. పుస్తకంలో చివర "చెప్పుడు మాటలు వినరాదు" అని ఉంది. వాడికది నచ్చలేదు. నాకూ నచ్చలేదు. వాడికేం చెప్పను?

జ: అమ్మా, మీవాడికి వచ్చిన సందేహమే దాదాపు పన్నెండు వందల డెబ్బై ఏళ్ళ కిందట ఇబ్న్ అల్ ముకఫ్ఫా అనే పండితుడికి వచ్చినట్టుంది. ఈ కథలు ఆరో శతాబ్దంలో పర్షియా చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కొలువులోని బుర్జో అనే వైద్యుడి ద్వారా అప్పటి పర్షియన్ భాష పహ్లవీలోకి వెళ్ళాయి. అక్కడి నుంచి 750 ప్రాంతంలో ముకఫ్ఫా వాటిని అరబిక్ చేశాడు. మన కరటకుడు, దమనకుడు అక్కడ కలీలా, దిమ్నా అయ్యారు. ఎద్దు చచ్చిపోయేదాకా కథ మనదే. ఆ తర్వాత మన పుస్తకంలో లేని అధ్యాయం ఒకటి అరబిక్‌లో ఉంది. దాన్ని కలిపింది ముకఫ్ఫాయే అని పండితులు అంటారు. ఏమిటో తెలుసా? దిమ్నా మీద విచారణ! నక్కలిద్దరూ గుసగుసలాడుకోవడం చిరుతపులి చెవిన పడుతుంది. అది వెళ్ళి సింహం తల్లికి చెబుతుంది. కోర్టు కూర్చుంటుంది. దిమ్నా తన తరఫున తానే వాదించుకుంటాడు, అదీ మహా గడుసుగా. చివరికి మరణశిక్ష పడుతుంది. మీవాడికి ఇది చెప్పండి, ఆ రాత్రికి నిద్రపోతాడు.

కానీ మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. విష్ణుశర్మకు ఆ అధ్యాయం రాయాలని ఎందుకు అనిపించలేదు?

పంచతంత్రం మొదలు ఒకసారి తిరగేయండి. మహిలారోప్యం అనే నగరం, అమరశక్తి అనే రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. బహుశక్తి, ఉగ్రశక్తి, అనంతశక్తి. పేర్ల నిండా శక్తే గాని బుర్రలో ఏమీ లేదు. ఎనభై ఏళ్ళ విష్ణుశర్మ వచ్చి, ఆరు నెలల్లో వీళ్ళను నీతిశాస్త్రంలో అందరినీ మించినవాళ్ళను చేయకపోతే నా పేరు వదిలేసుకుంటాను అంటాడు. ఇక్కడ 'నీతి' అనే మాట దగ్గర కొంచెం ఆగండి. మనం ఇప్పుడు నీతి అనగానే నిజాయితీ అనుకుంటాం. 'నీతిమంతుడు' అంటే లంచం తీసుకోనివాడు. సంస్కృతంలో దాని మూలం 'నీ' అనే ధాతువు, అంటే నడిపించడం. నేత, నాయకుడు అన్న మాటలు పుట్టింది కూడా దాంట్లోంచే. రాజు కాబోయేవాడు నలుగురినీ నడిపించే తెలివి, ఎవరి చేతిలోనూ మోసపోని తెలివి, అదే విష్ణుశర్మ చెప్పిన నీతి.

ఇప్పుడు ఆ ముగ్గురు కుర్రాళ్ళను ఆయన ముందు కూర్చోబెట్టి చూడండి. వాళ్ళు రేపు ఎద్దులు కారు, నక్కలూ కారు. సింహాలవుతారు. దమనకుడిలాంటివాడు రోజూ పొద్దున్నే వచ్చి చెవిలో ఊదుతాడు. వాడికి శిక్ష పడుతుందని చెబితే రాజకుమారుడు ధీమాగా ఉంటాడు. పడదు, వాడే మంత్రి అవుతాడు, నీకు నీ ఎద్దు మాత్రం మిగలదు అని చెబితే జాగ్రత్త పడతాడు. అందుకే ఆయన కథను అక్కడ వదిలేశాడని నా అభిప్రాయం. ముకఫ్ఫా ముందున్న శ్రోతలు వేరు, వాళ్ళకు న్యాయం కావలసి వచ్చింది. పాపం, ఆయనకు మాత్రం అది దొరకలేదు. ఖలీఫా మన్సూర్ కాలంలో చంపేశారు.

ప్ర: ఈసప్, విష్ణుశర్మ, వీళ్ళలో ఎవరు ముందు? నీతికథలు పుట్టింది మన దగ్గరేనని మా నాన్నగారు, కాదు గ్రీసులో అని మా బావగారు. ఇంట్లో యుద్ధం.

జ: ఇద్దరినీ ఓడిస్తాను, కూర్చోండి. ఇప్పటికి దాదాపు నాలుగు వేల ఏళ్ళ నాటి సుమేరు మట్టిపలకలు ఉన్నాయి, ఇప్పటి ఇరాక్ ప్రాంతంలోవి. వాటి మీద జంతువుల కథలు రాసి ఉన్నాయి, ఒక్కోటి రెండు మూడు వరుసలే. ఒకటి చెబుతాను. పది తోడేళ్ళు కలిసి గొర్రెల్ని చంపాయి. పదోది పంపకం తాను చేస్తానంది. "మీరు తొమ్మిది మంది, మీకు ఒక గొర్రె. నేను ఒక్కణ్ణి, నాకు తొమ్మిది." లెక్క సరిపోయింది కదా, రెండువైపులా పది! కింద నీతి ఏమీ రాసిలేదు. అవసరమా?

గ్రీసులో ఈసప్ కంటే ముందే, క్రీ.పూ. 700 ప్రాంతంలో, హీసియడ్ అనే కవి డేగ గోళ్ళలో చిక్కిన పాటపిట్ట కథ చెప్పాడు. ఈసప్‌ది క్రీ.పూ. ఆరో శతాబ్దం అంటారు. సామోస్ దీవిలో ఇయాడ్మోన్ అనేవాడి బానిస అని గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ రాశాడు. ఈసప్ తన చేత్తో రాసిన పుస్తకమంటూ ఏదీ లేదు. మన వైపు చూస్తే, మధ్యప్రదేశ్‌లోని భార్హుత్ స్తూపం రాళ్ళ మీద క్రీ.పూ. రెండో శతాబ్దానికే జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు చెక్కి, పక్కన పేర్లు కూడా రాశారు. పంచతంత్రం ఆరో శతాబ్దంలోనే పర్షియాకు ప్రయాణం కట్టిందని పైన చెప్పాను కదా.

ఎవరు ముందు అన్న దానికంటే నాకు సరదాగా అనిపించేది కథలు వేషాలు మార్చుకున్న తీరు. పిల్లవాడిని పాము నుంచి కాపాడిన ముంగిసను, దాని మూతికి అంటిన నెత్తురు చూసి తొందరపడి చంపేసిన కథ మనందరికీ తెలుసు. వేల్స్ దేశంలో అదే కథలో ముంగిస గెలెర్ట్ అనే వేటకుక్క అయింది, పాము తోడేలైంది. బెడ్‌గెలెర్ట్ ఊళ్ళో ఆ కుక్క సమాధి అని చూపిస్తారు, జనం వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఫ్రాన్సులో లియోన్ దగ్గరైతే పదమూడో శతాబ్దానికి ఇలాంటి కథలోని కుక్కను ఏకంగా దేవుణ్ణి చేసేశారు. సెయింట్ గినెఫోర్ అని పేరు. తల్లులు జబ్బుపడ్డ బిడ్డలను ఎత్తుకుని దాని దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఒక మతాధికారి మండిపడి ఆ కుక్క ఎముకలు తవ్వించి కాల్పించాడు. మన ముంగిసకు ఇంత భోగమూ లేదు, ఇంత అవమానమూ లేదు.

మీ నాన్నగారికి, బావగారికి సంధి చేయండి.

ప్ర: నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. పరీక్షలో 'ఈ కథలోని నీతి ఏమిటి?' అన్న ప్రశ్నకు పుస్తకంలో ఉన్న వాక్యమే రాస్తేనే మార్కులు వేయమంటున్నారు. పిల్లలు రకరకాలుగా రాస్తున్నారు. వేయాలా, వద్దా?

జ: మాస్టారూ, మీరు నా పాత పుండు కెలికారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఏడో తరగతికి తెలుగు చెప్పాను నేను. ఒకసారి తాబేలు, హంసల కథ ఇచ్చి నీతి రాయమన్నాను. తాబేలు కర్రను నోట కరుచుకుంటుంది, రెండు హంసలు చెరో చివర పట్టుకుని ఎగురుతాయి, కింద పిల్లలు అల్లరి చేస్తే తాబేలు నోరు తెరుస్తుంది, అంతే. ఒకమ్మాయి ఏం రాసిందంటే, "మోయలేని బరువు మోస్తున్నప్పుడు హంసలు కిందుగా ఎగరాలి." నేను ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఆ సున్నా ఎంత గుండ్రంగా వచ్చిందో కూడా నాకింకా గుర్తే.

తర్వాత ఎప్పుడో ఆ కథ పుట్టుపూర్వోత్తరాలు చదివి సిగ్గుపడ్డాను. జాతక కథల్లో ఇది కచ్ఛప జాతకం. అక్కడ దీన్ని చెప్పేది ఒక మంత్రి. కాశీరాజు వదరుబోతు, ఆయన నోరు తెరిస్తే ఇంకొకరికి మాట్లాడే సందు ఉండదు. ఆ మంత్రి బోధిసత్వుడు, అంటే పూర్వజన్మలోని బుద్ధుడు. ఈ జబ్బు ఎలా మాన్పించాలా అని సమయం కోసం కాచుకుని ఉన్నాడు. సరిగ్గా రాజుగారి కోట ముంగిట్లోనే ఆకాశం నుంచి తాబేలు పడి రెండు ముక్కలైంది. అందరూ మూగారు. "ఇది ఎలా పడింది పండితుడా?" అన్నాడు రాజు. మంత్రి జరిగినదంతా చెప్పి, అతిగా మాట్లాడేవాళ్ళ గతి ఇంతే అన్నాడు. రాజు ఒక్క క్షణం ఆగి, "ఇది నన్ను గురించేనా?" అన్నాడు. "తమరైనా కావచ్చు మహారాజా, మరొకరైనా కావచ్చు" అన్నాడు మంత్రి. ఆ జవాబులోని ఒడుపు చూశారా! తల పోకుండా నిజం చెప్పాడు.

అదే తాబేలు పంచతంత్రంలో కంబుగ్రీవం. అక్కడ కథ చెప్పేది మంత్రి కాదు, ఒక ఆడ తీతువు పిట్ట. సముద్రంతో పంతానికి పోతున్న మొగుడికి చెబుతుంది. అందుకని అక్కడ నీతి మారిపోయింది. మేలుకోరేవాళ్ళ మాట విననివాడు తాబేలులా పడి చస్తాడు, అని. ఈసప్ పేర ఉన్న కథల్లో తాబేలు తనకు ఎగరడం నేర్పమని గద్దను పోరుపెడుతుంది, గద్ద పైకెత్తి వదిలేస్తుంది. అక్కడ నీతి, పుట్టుకతో రానిదాని కోసం ఎగబడకూడదని. ఒకే తాబేలు, మూడు చావులు, మూడు నీతులు. నాలుగోది మా అమ్మాయిది. పాపం, ఆమె ఒక్కతే హంసల తప్పు కూడా చూసింది.

ఇంకో సంగతి. పాత గ్రీకు సంకలనాల్లో కొన్ని కథలకు నీతివాక్యం ముందు ఉంటుంది, కొన్నిటికి చివర ఉంటుంది. ముందుండేది నిజానికి నీతే కాదని, ఉపన్యాసకులు వెతుక్కోవడానికి అంటించిన చీటీ లాంటిదని పండితులు అంటారు. "మేలు చేసినవాడికే కీడు చేసేవాడి గురించి చెప్పాలంటే ఈ కథ వాడుకోండి" అన్నట్టు. వంటింట్లో డబ్బా మీద 'జీలకర్ర' అని రాసుకోమా, అలాగన్నమాట. ఆ చీటీ జారి జారి కథ చివరికి వచ్చి, ఉపదేశమై కూర్చుంది. మనం ఇప్పుడు డబ్బా మూత తీయకుండా చీటీకే మార్కులు వేస్తున్నాం.

వేయండి మాస్టారూ, మార్కులు వేయండి. పిల్లవాడు కథలో ఏ జీవి పక్షాన నిలబడి రాశాడో చూసి వేయండి. పై అధికారి అడిగితే ఈ పేజీ చూపించండి, తిట్లు నేను తింటాను.

ప్ర: నీతి చెప్పడానికి జంతువులే ఎందుకు? మనుషుల కథలు చెబితే ఏం?

జ: చెప్పవచ్చు, చెప్పినవాడి మెడ గట్టిదైతే. ఫీడ్రస్ అని రోమన్ కవి ఉన్నాడు, అగస్టస్ చక్రవర్తి దగ్గర బానిసగా ఉండి విడుదలైనవాడు. ఈసప్ కథలను లాటిన్ పద్యాలుగా రాశాడు. ఈ కథలు ఎందుకు పుట్టాయో ఆయనే చెప్పాడు. బానిస తను అనాలనుకున్నది పైకి అనలేక, తన గోడును కథల్లోకి మార్చుకున్నాడట. తానూ ఆ కథల వల్ల చిక్కుల్లో పడ్డానని వాపోయాడు.

బైబిల్లో యోతాము కథ చూడండి. అబీమెలెకు తన డెబ్బై మంది అన్నదమ్ముల్ని చంపించి రాజయ్యాడు. ఆ వేటలో దాక్కుని బయటపడ్డ చిన్నవాడు యోతాము. గెరిజీము కొండ ఎక్కి జనానికి కేకేసి చెట్ల కథ చెప్పాడు. చెట్లు తమకో రాజు కావాలని ఒలీవ చెట్టును అడిగాయి, నా నూనె మానుకుని మీ మీద ఊగనా అంది. అంజూరం వద్దంది, ద్రాక్ష వద్దంది. చివరికి ముళ్ళకంప ఒప్పుకుంది, "రండి, నా నీడలో ఉండండి" అని. ముళ్ళకంపకు నీడ ఎక్కడిది! కథ ముగించి, అర్థం విప్పి చెప్పి, యోతాము ఏం చేశాడో తెలుసా? పరుగెత్తి పారిపోయాడు.

ఇంతా చేసి, జంతువుల ముసుగు ఎప్పుడూ బలహీనుడి మొహం మీదే ఉంటుందనుకోకండి. అరిస్టాటిల్ తన అలంకారశాస్త్రంలో ఒక కథ ఈసప్ చెప్పినట్టుగా రాశాడు. సామోస్‌లో ప్రజాధనం తిన్న నాయకుడికి మరణశిక్ష వేయబోతుంటే ఈసప్ లేచి చెప్పాడట. ఒక నక్క ఏరు దాటుతూ గోతిలో పడింది, ఒంటి నిండా పిడుదులు పట్టాయి. ముళ్ళపంది జాలిపడి తీసేయనా అంది. నక్క వద్దంది. "ఇవి నా నెత్తురు తాగి కడుపు నింపుకున్నాయి, ఇక పెద్దగా తాగవు. వీటిని తీసేస్తే ఆకలిగా ఉన్నవి వచ్చి మిగిలింది కూడా తాగేస్తాయి." ఈయన తినేసి ఉన్నాడు, ఇంకొకడొస్తే మొదటినుంచి తింటాడు అని భావం. చెప్పండి, దీన్ని ఏ తరగతి పాఠంలో పెడదాం?

ప్ర: కుండలో రాళ్ళు వేసి నీళ్ళు పైకి తెచ్చిన కాకి నిజంగా ఉంటుందా?

జ: ఉంది. 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కాకి జాతికి చెందిన రూక్ అనే పక్షుల ముందు నీళ్ళ గొట్టం పెట్టి, నీటి మీద ఒక పురుగును తేలేశారు. అవి రాళ్ళు వేసి నీటిమట్టం పెంచి పురుగును అందుకున్నాయి. చిన్నవి వదిలి పెద్ద రాళ్ళు ఏరుకున్నాయి కూడా.

ప్ర: పేపర్లో 'నిధుల్లో సింహభాగం ఫలానా పథకానికే' అని రాస్తుంటారు. ఈ సింహం ఎక్కడిది?

జ: ఈసప్ కథలోది. పత్రికలవాళ్ళు 'ఎక్కువ వాటా' అన్న అర్థంలో వాడుతున్నారు. ఫీడ్రస్ చెప్పిన కథలో ఆవు, మేక, గొర్రె, సింహం కలిసి వేటాడి నాలుగు వాటాలు వేస్తాయి. మొదటిది సింహాన్ని గనుక నాది, రెండోది బలవంతుణ్ణి గనుక నాది, ఇలా మూడు వాటాలు లాగేసుకుని, నాలుగోది ఎవరైనా ముట్టుకుంటే చూస్తా అంటుంది. కాబట్టి సింహభాగం అంటే మొత్తం. పత్రికలవాళ్ళు అప్పుడప్పుడూ తెలియకుండానే నిజం రాస్తుంటారు.

ప్ర: ఈ కథలు పిల్లలకు మోసం నేర్పుతున్నాయని నా అనుమానం. గెలిచేది ఎప్పుడూ నక్కే కదా.

జ: తత్వవేత్త రూసో మీతో ఏకీభవిస్తాడు. 1762లో విద్య గురించి రాసిన పుస్తకంలో, కాకిని పొగిడి దాని నోట్లోది కాజేసిన నక్క కథ చెబితే పిల్లలు కాకిని చూసి నవ్వుతారు, నక్క కావాలనుకుంటారు అన్నాడు. అంతకు డెబ్బై ఏళ్ళ ముందు, 1693లో, ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ పిల్లల చేతికి మొదట ఇవ్వాల్సింది ఈసప్ కథలే అన్నాడు. నేను క్లాసులో చూసినంతలో రూసో మాటే ఎక్కువసార్లు నిజమైంది.

మన భారతంలోనే దీనికి సాక్ష్యం ఉంది. పాండవుల పేరు పెరిగిపోతోందని ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టని రోజుల్లో కణికుడు అనే మంత్రి వచ్చి ఒక నక్క కథ చెబుతాడు. పులి, ఎలుక, తోడేలు, ముంగిస, నక్క కలిసి లేడిని కొడతాయి. తక్కినవి స్నానానికి వెళ్ళి ఒక్కొక్కటే తిరిగి వస్తుంటే, నక్క పులిని రోషంతో, ఎలుకను, తోడేలును భయంతో, ముంగిసను బెదిరింపుతో పంపేసి మాంసమంతా తానే తింటుంది. కణికుడు దీన్ని హెచ్చరికగా చెప్పలేదు, ఇలా చేయి అని చెప్పాడు. ధృతరాష్ట్రుడు చక్కగా విన్నాడు. ఆ తర్వాత వచ్చేది లక్క ఇల్లు.

కాబట్టి మీ అనుమానం వట్టిది కాదు. అయినా పిల్లల దగ్గర నుంచి ఈ పుస్తకాలు లాగేసుకోకండి. నక్క ఎలా మాట్లాడుతుందో ఇంట్లో వినకపోతే బయట విన్నప్పుడు గుర్తుపట్టలేరు. చదివాక మాత్రం "నువ్వు ఇందులో ఎవరివి?" అని అడగండి, జవాబుకు తొందరపెట్టకండి.

ప్ర: ఇన్ని చెప్పారు, మీకు బాగా ఇష్టమైన నీతికథ ఏది?

జ: పైన చెప్పిన సుమేరు పలకల మీదిదే ఇంకొకటి. పిల్లల పుస్తకాల వాళ్ళు దీని జోలికి ఎందుకు రారో చదివితే మీకే తెలుస్తుంది. ఏనుగు తనలో తాను మురిసిపోతూ అందట, "భూమ్మీద జంతువుల్లో నాలా లద్దె వేసేది ఇంకా పుట్టలేదు" అని. పక్కనున్న పిచ్చుకంత పిట్ట విని, "నా కొలతకు తగ్గట్టు నేనూ నీ అంత వేస్తాను" అంది.